తూము తెరిచేవారు, మూసేవారు: రాస్ ప్రోటీను కథ

మన శరీరంలోని కణం ఎప్పుడు విభజన చెందాలి, ఎప్పుడు ఊరకుండాలి అనే ఆజ్ఞ కణపు పొర నుండి లోపలి కేంద్రకానికి చేరాలి. ఆ ఆజ్ఞను చేరవేసే మాంసకృత్తులలో, అనగా ప్రోటీన్లలో, ముఖ్యమైనది రాస్. చాలా చిన్న ప్రోటీను. 190 ఎమినో ఆమ్లాలకు మించదు. మానవులలో వచ్చే క్యాన్సర్లలో సుమారు ఐదింట ఒకదానిలో ఈ రాస్ జన్యువులలో ఏదో ఒక లోపం కనిపిస్తుంది. 1970ల తొలినాళ్ళలో వైద్యవిద్య అభ్యసించిన మా తరం వారికి దీని పేరు తెలియదు. మా పాఠ్యపుస్తకాలలో క్యాన్సరు కారణాలంటే పొగాకు, తారు, ఎక్స్ కిరణాలు, వంశపారంపర్యం, అంతటితో సరి. కణం లోపల ఏమి జరుగుతున్నదో చెప్పే అధ్యాయం అప్పటికి రాయబడలేదు.

ఆ అధ్యాయం ఎలా రాయబడినదో చెప్పడమే ఈ వ్యాసపు ఉద్దేశం. ముందుగా ఒక పోలిక. మన పల్లెలలో చెరువు కట్టకు తూము ఉండేది. తూము తెరిచి, మూసి, పొలాలకు నీరు పంచే పని నీరటిది. తూము తనంత తాను తెరుచుకోదు, మూసుకోదు. తెరవకపోతే పైరు ఎండుతుంది, మూయకపోతే మునుగుతుంది. రాస్ వంటి ప్రోటీన్లు కణంలోని తూములు. వీటిని చిన్న జీటీపేజులు అంటారు. మానవ కణాలలో ఇటువంటివి 150కి పైగా ఉన్నాయి. జీటీపీ అనే అణువును పట్టుకొని ఉన్నంతసేపు ఇవి తెరిచి ఉన్నట్లు, ఆజ్ఞ పారుతున్నట్లు లెక్క. జీటీపీలో మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి. మూడవది తెగిపోతే మిగిలేది జీడీపీ. అప్పుడు తూము మూసుకున్నట్లు. ఇంత సరళమైన యంత్రమే అయినా, దానిని ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి చాలా కాలం పట్టింది. అందులోనూ ‘ఎవరు మూస్తారు’ అన్న రెండవ ప్రశ్నలోనే వ్యాధి రహస్యం దాగి ఉన్నది.

కథ ఎలుకలతో మొదలవుతుంది. 1964లో లండన్‌లో జెన్నిఫర్ హార్వే అనే పరిశోధకురాలు, చుంచెలుకలకు లుకేమియా కలిగించే ఒక వైరస్‌ను ఎలుకలలోకి ఎక్కించారు. ఆ ఎలుక రక్తపు ప్లాస్మాను తిరిగి అప్పుడే పుట్టిన చుంచెలుకలకు ఇచ్చినప్పుడు, లుకేమియాకు బదులు సార్కోమాలనే గట్టి కణితులు శీఘ్రంగా పెరిగాయి. 1967లో షికాగోలో వెర్నర్ కిర్‌స్టెన్ ఇటువంటి వైరస్‌నే మరొకదానిని కనుగొన్నారు. వైరస్‌లో ఏదో క్రొత్త సామగ్రి చేరిందన్నది స్పష్టం. అది ఎక్కడి నుండి వచ్చింది? అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో ఎడ్వర్డ్ స్కోల్నిక్ బృందం 1970లలో తేల్చినదేమంటే, ఆ సామగ్రి వైరస్ సొత్తు కాదు. ఎలుక కణాల గుండా పోతున్నప్పుడు ఎలుక జన్యువునే వైరస్ ఎత్తుకొని వచ్చింది. ‘ఎలుక సార్కోమా’ అనే మాటలకు ఆంగ్ల సంక్షేపమే రాస్. హార్వే పేరు మీద హెచ్-రాస్, కిర్‌స్టెన్ పేరు మీద కె-రాస్ అన్న పేర్లు నిలిచాయి. 1979లో స్కోల్నిక్ బృందమే ఈ జన్యువు నుండి తయారయ్యే ప్రోటీను జీటీపీ, జీడీపీలను పట్టుకుంటుందని చూపింది.

అంతవరకు ఇది ఎలుకల వ్యవహారం. మనుషుల క్యాన్సరుకు దీనితో సంబంధం ఉన్నదని తేలినది 1982లో. రాబర్ట్ వైన్‌బర్గ్, మరియానో బర్బాసిడ్, మైఖేల్ విగ్లర్ల ప్రయోగశాలలు వేర్వేరుగా ఒకే పని చేశాయి. మానవ మూత్రాశయపు క్యాన్సరు కణాల నుండి డీఎన్ఏ తీసి, దానిని చుంచెలుక కణాలలో ప్రవేశపెట్టి, ఏ జన్యువు ఆ కణాలను క్యాన్సరు కణాలుగా మారుస్తున్నదో వెదికి పట్టుకున్నారు. దొరికినది హెచ్-రాస్. ఆరోగ్యవంతుని హెచ్-రాస్‌కు, ఈ క్యాన్సరు హెచ్-రాస్‌కు తేడా ఏమిటని అక్షరం అక్షరం పోల్చి చూస్తే, తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ ఒక్క మార్పు వలన ప్రోటీనులోని 12వ స్థానంలో గ్లైసీన్ అనే ఎమినో ఆమ్లం బదులు వాలీన్ వచ్చింది. ఆ సంవత్సరం నవంబరులో నేచర్ పత్రికలో ఈ సంగతి ప్రకటించిన పత్రాలలో ఒకదానికి ప్రథమ రచయిత ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్ళిన శాస్త్రజ్ఞుడు. ఈ విషయం మన వైద్య విద్యార్థులలో కూడా చాలమందికి తెలియకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఒక్క అక్షరం మారితే క్యాన్సరా? ఎలా? 1984లో ఒక పాక్షిక సమాధానం లభించింది. సాధారణ రాస్ తాను పట్టుకున్న జీటీపీని నెమ్మదిగా జీడీపీగా మార్చుకుంటుంది. మారిన రాస్ ఆ పనిని ఇంకా నెమ్మదిగా చేస్తుంది. అంటే తూము మూసుకోవడం ఆలస్యమవుతున్నది. వినడానికి బాగానే ఉన్నది కాని లెక్క కుదరలేదు. పరీక్షనాళికలో సాధారణ రాస్ కూడా జీటీపీలో సగాన్ని జీడీపీగా మార్చడానికి అరగంట వరకు తీసుకుంటున్నది. కణంలో ఆజ్ఞలు అరగంటల కొలది పారితే ఆజ్ఞ అనిపించుకోవు. పైగా సాధారణ రాస్‌కు, మారిన రాస్‌కు పరీక్షనాళికలో కనిపించిన తేడా స్వల్పం. కణంలో కనిపించే తేడా మాత్రం ప్రాణాంతకం.

ఈ చిక్కును విప్పినది కప్ప గుడ్డు. 1987లో కాలిఫోర్నియాలోని సీటస్ అనే సంస్థలో పనిచేస్తున్న మెగ్ ట్రేహీ, ఫ్రాంక్ మెక్‌కార్మిక్ రాస్ ప్రోటీనును ఆఫ్రికా నీటికప్ప అండకణాలలోకి సూదితో ఎక్కించి చూశారు. సాధారణ రాస్ అక్కడ శీఘ్రంగా జీడీపీ స్థితికి చేరుకున్నది. మారిన రాస్ జీటీపీతోనే ఉండిపోయింది. పరీక్షనాళికలో లేనిది, కణద్రవంలో ఉన్నది ఏదో రాస్‌కు సహాయం చేస్తున్నదన్నమాట. ఆ సహాయక ప్రోటీనుకు గ్యాప్ అని పేరు పెట్టారు. జీటీపేజును ఉత్తేజపరచే ప్రోటీను అని దాని అర్థం. మరుసటి సంవత్సరమే దానిని శుద్ధి చేసి, దాని జన్యువును కూడా వేరుచేశారు. రాస్ ఒంటరిగా చేసే పనిని గ్యాప్ సుమారు లక్ష రెట్లు వేగవంతం చేస్తుంది. అరగంట పట్టే పని సెకనులో చిన్న వంతుకు దిగుతుంది. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి ముఖ్యమైన ప్రయోగం ఇదే. అంతవరకు అందరి చూపు తూము మీదే. నీరటి ఒకడున్నాడని, మారిన రాస్ అతని మాట వినదని అప్పుడు తెలిసింది.

తెరిచేవారి సంగతి వేరే దారిలో బయటపడింది. ఈస్టు కణాలలో సీడీసీ25 అనే ప్రోటీను రాస్‌కు పై అధికారిగా పనిచేస్తున్నదని 1987 ప్రాంతంలో గ్రహించారు. పండ్ల ఈగ కంటిలోని ప్రతి చిన్న కటక విభాగంలోను ఎనిమిది కాంతిగ్రాహక కణాలుంటాయి. ‘సెవెన్‌లెస్’ అనే జన్యువు లోపిస్తే ఏడవ కణం ఏర్పడదు. ఆ జన్యువుతో కలిసి పనిచేసే మరొక జన్యువు దొరికినప్పుడు దానికి ‘సెవెన్‌లెస్ కొడుకు’ అని పేరు పెట్టారు. దాని ఆంగ్ల సంక్షేపం సాస్. 1991లో సాస్ జన్యువును చదివి చూస్తే అది ఈస్టులోని సీడీసీ25కు చుట్టమని తేలింది. ఈస్టులోను, ఈగలోను, మనిషిలోను ఒకే నీరటి వంశం! పైనుండి పెరుగుదల సంకేతం రాగానే సాస్ కణపు పొర వద్దకు వచ్చి, రాస్‌ను పట్టుకొని, దాని చేతిలోని జీడీపీని జారవిడిపిస్తుంది. కణంలో జీడీపీ కంటే జీటీపీ సుమారు పది రెట్లు ఎక్కువ కనుక, ఖాళీ అయిన చోటిలోకి జీటీపీయే వచ్చి కూర్చుంటుంది. గమనించండి, సాస్ జీటీపీని తెచ్చి ఇవ్వదు. ఖాళీ చేయిస్తుంది, అంతే.

ఇక మూసేవారి కథలోనికి ఒక పాత వ్యాధి వచ్చి చేరింది. 1882లో జర్మనీ వైద్యుడు ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ వర్ణించిన న్యూరోఫైబ్రోమటోసిస్ అది. సుమారు మూడు వేల మందిలో ఒకరికి వస్తుంది. చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు, చంకలలో చిన్న చుక్కలు, వయసుతో పాటు ఒళ్ళంతా మెత్తని గడ్డలు. జిల్లా ఆసుపత్రిలో పనిచేసిన ఏ వైద్యుడైనా ఇటువంటి రోగులను చూసే ఉంటాడు. ఊరివారు కుష్ఠు అని అనుమానించి దూరం పెట్టినవారు, పెళ్ళి సంబంధం తప్పిపోయినవారు మా ఔట్‌పేషెంటు విభాగానికి వచ్చేవారు. ఇది అంటువ్యాధి కాదని ఇంటివారికి నచ్చచెప్పడం, బాధపెట్టే గడ్డను కోసి తీయడం తప్ప మేము చేయగలిగినది ఏమీ ఉండేది కాదు. ఎందుకు వస్తుందని వారు అడిగితే నరాల తొడుగు కణాలు పెరగడం వలన అనేవాళ్ళం. అది వర్ణన మాత్రమే, కారణం కాదు.

కారణం 1990లో తెలిసింది. అమెరికాలో ఫ్రాన్సిస్ కాలిన్స్, రే వైట్‌ల బృందాలు 17వ క్రోమోజోము మీద ఎన్ఎఫ్1 జన్యువును పట్టుకున్నాయి. ఆ జన్యువు నుండి తయారయ్యే న్యూరోఫైబ్రోమిన్ చాలా పెద్ద ప్రోటీను, 2,800కు పైగా ఎమినో ఆమ్లాలు. దాని నడుమ భాగాన్ని అప్పటికే తెలిసిన ప్రోటీన్లతో పోల్చి చూస్తే అది గ్యాప్‌ను పోలి ఉన్నది! పరీక్షించి చూస్తే నిజంగానే రాస్‌లోని జీటీపీని తెగగొట్టింది. ఈ రోగులలో రాస్‌కు ఏ లోపమూ లేదు. తూము బాగానే ఉన్నది, నీరటి లేడు. క్యాన్సరులో తూమే చెడి నీరటి మాట వినదు; ఇక్కడ నీరటియే కరువయ్యాడు. ఫలితం ఒక్కటే, ఆజ్ఞ ఆగకుండా పారడం. ఈ వ్యాధి ఉన్న పిల్లలలో ఒక అరుదైన లుకేమియా, పెద్దలలో నరాల తొడుగు క్యాన్సరు మామూలు కంటే ఎక్కువగా రావడానికి ఇదే కారణం.

ఒకే అక్షరం మారితే మూసేవాడు ఎందుకు ఓడిపోతాడు? దీనికి స్ఫటికాలు సమాధానం చెప్పాయి. జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ విట్టింగ్‌హోఫర్, సహచరులు 1989లో జీటీపీ వంటి అణువును పట్టుకొని ఉన్న రాస్ ఆకృతిని ఎక్స్ కిరణాలతో వివరంగా చూపారు. జీడీపీ స్థితితో దానిని పోల్చినప్పుడు తేడా రెండు చోట్ల కనిపించింది. రెండు చిన్న మెలికలు, వాటికి స్విచ్ 1, స్విచ్ 2 అని పేర్లు. జీటీపీలోని మూడవ ఫాస్ఫేటు ఈ రెండింటినీ బిగించి పట్టి ఉంచుతుంది; అది తెగిపోగానే లాగి పెట్టిన స్ప్రింగు సడలినట్లు రెండూ వదులవుతాయి. నియంత్రించే ప్రోటీన్లు రాస్‌ను గుర్తించేది ప్రధానంగా ఈ రెండు మెలికలను తడిమి చూసి. గ్యాప్ బిగిసి ఉన్న ఆకృతిని ఆనవాలు పట్టి వచ్చి అతుక్కుంటుంది. సాస్ అయితే స్విచ్ 1ను ప్రక్కకు నెట్టి లోపలి చోటును తెరుస్తుంది. 1998లో దాని చిత్రం కూడా లభించింది.

1997లో విట్టింగ్‌హోఫర్ ప్రయోగశాల నుండి క్లాస్ షెఫ్‌జెక్, సహచరులు రాస్, గ్యాప్ రెండూ కలిసి ఉన్న స్ఫటికాన్ని చూపారు. కోత జరిగే క్షణం చాలా స్వల్పం, చిత్రానికి అందదు. అందుకని జీడీపీతో పాటు అల్యూమినియం ఫ్లోరైడును చేర్చారు. అది తెగుతూ ఉన్న ఫాస్ఫేటును అనుకరించి, ప్రోటీన్లు రెండింటినీ ఆ సగంలోనే నిలిపివేసింది. చిత్రంలో కనిపించినది ఇది: గ్యాప్ నుండి ఆర్జినిన్ అనే ఒక ఎమినో ఆమ్లం వేలులాగా సాగి, రాస్ గుండెలోకి దూరి, జీటీపీ ఫాస్ఫేట్లను తాకుతున్నది. ఆ వేలి ధనావేశం, తెగే క్షణంలో ఫాస్ఫేట్ల మీద పేరుకునే ఋణావేశాన్ని చల్లారుస్తుంది. రాస్‌లోని 61వ స్థానపు గ్లుటమీన్ నీటి అణువును సరైన చోట నిలబెడుతుంది. నీరు తగులుతుంది, బంధం తెగుతుంది. దీనినే ఆర్జినిన్ వేలు అంటారు.

ఆ వేలు దూరే దారి ప్రక్కనే ఉన్నది 12వ స్థానం. అక్కడ గ్లైసీన్ ఉండడం యాదృచ్ఛికం కాదు. ఎమినో ఆమ్లాలన్నింటిలోను అతి చిన్నది అదే. దాని బదులు వాలీన్ వచ్చినా, ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చినా ఇరుకు ఏర్పడి వేలికి చోటుండదు. మారిన రాస్‌ను గ్యాప్ గుర్తించగలదు, పట్టుకోగలదు కూడా, మూయలేదు, అంతే. 1982లో కనుగొన్న ఆ ఒక్క అక్షరానికి అర్థం పదిహేనేళ్ళకు బోధపడింది.

ఇక్కడ కలరా ప్రస్తావన తేకుండా ఉండలేను. నా వయసు వారు కలరా వార్డులు చూసినవారే. రాస్ కంటే పెద్దవైన జీ-ప్రోటీన్లనే దాయాదులు కణంలో ఉన్నాయి. వాటిని కనుగొన్నందుకు గిల్‌మన్, రాడ్‌బెల్‌లకు 1994లో నోబెల్ బహుమతి వచ్చింది. వాటికి ఆర్జినిన్ వేలు బయటి నుండి అక్కరలేదు, తమలోనే ఉంటుంది. కలకత్తాలో శంభునాథ్ డే 1959లో కలరా క్రిమి విషాన్ని నిరూపించారు. ఆ విషం ప్రేగు కణాలలోని జీ-ప్రోటీను వద్దకు పోయి, సరిగ్గా ఆ ఆర్జినిన్‌కే ఒక రసాయన మూట కట్టి దానిని పనికిరాకుండా చేస్తుందని తరువాతి పరిశోధనలు చూపాయి. తూము మూసుకోదు, ప్రేగు నుండి నీరు, ఉప్పు లీటర్ల కొలది కారిపోతాయి. ఒక రోగి గంటలలో నిర్జలుడై పడిపోవడానికి, మరొకరిలో ఏళ్ళ తరబడి కణితి పెరగడానికి మూలం ఒకే వేలు నిష్క్రియం కావడం.

ఆహారాన్ని విషపూరితం చేసే సాల్మొనెల్లా టైఫిమ్యూరియం క్రిమి ఇంతకంటె గడసరి. కణంలోకి చొరబడడానికి సాప్-ఇ అనే తెరిచే ప్రోటీనును ముందు లోనికి పంపుతుంది. అది రాక్, సీడీసీ42 అనే రాస్ దాయాదులను తెరవగానే కణపు పొర అలలుగా లేచి క్రిమిని మింగుతుంది. క్రిమి లోపల కుదురుకున్నాక ఎస్‌పీటీపీ అనే మరొక ప్రోటీను వాటిని మూసివేస్తుంది. దానికీ ఆర్జినిన్ వేలు ఉన్నది! ఇల్లు దోచడానికి వచ్చినవాడు లోపలికి వచ్చి తలుపు గడియ వేసుకున్నట్లు.

చికిత్స సంగతికి వస్తే, ముప్పయి ఏళ్ళు నిరాశే. రాస్ పొరకు అంటుకోవడానికి దానికొక కొవ్వు తోక కావాలి. ఆ తోక తగిలించే ఎంజైమును అడ్డుకునే మందులను 1990లలో ఎంతో ఆశతో తయారు చేశారు. కె-రాస్ మరొక ఎంజైము చేత మరొక రకపు తోక తగిలించుకొని తప్పించుకున్నది. ఆ మందులలో ఒకటైన లోనాఫార్నిబ్ చివరకు పిల్లలను ముసలివారిని చేసే ప్రొజీరియా అనే అరుదైన వ్యాధికి 2020లో ఆమోదం పొందింది. రాస్ నున్నటి బంతి వంటిది, మందు పట్టుకోవడానికి గుంట లేదు, జీటీపీని అతి గట్టిగా పట్టుకుంటుంది అని చెప్పుకొని చాలమంది వదిలిపెట్టారు.

2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కెవన్ షోకట్ బృందం ఒక ప్రత్యేక ఉత్పరివర్తనాన్ని ఎంచుకున్నది. 12వ స్థానంలో గ్లైసీన్ బదులు సిస్టీన్ వచ్చిన కె-రాస్ అది. సిస్టీన్‌లోని గంధకానికి శాశ్వతంగా అతుక్కునే అణువులను వెదికితే, స్విచ్ 2 క్రింద అంతవరకు ఎవరూ చూడని ఒక గుంట బయటపడింది. ఆ దారిలోనే సోటోరాసిబ్ తయారై 2021 మేలో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఆమోదం పొందింది. ఈ మందు అతుక్కునేది జీడీపీ పట్టుకొని మూసి ఉన్న రాస్‌కే. ఈ ఉత్పరివర్తనం గల రాస్ అప్పుడప్పుడు తనంత తాను మూసుకుంటూ ఉంటుంది కనుక మందుకు సందు దొరికింది. అయితే కొన్ని నెలలకే చాలమందిలో కణితి మందుకు లొంగకుండా పోతున్నది. క్లోమపు క్యాన్సరులో ఎక్కువగా కనిపించే ఉత్పరివర్తనాలకు ఈ మందు పనిచేయదు.

పెద్దప్రేగు క్యాన్సరు వ్యాపించిన రోగుల కుటుంబాలకు ఒక మాట. సెటుక్సిమాబ్ వంటి మందులు రాస్‌కు పైనున్న గ్రాహకాన్ని అడ్డుకుంటాయి. రాస్ తానే తెరుచుకొని ఉంటే పైన అడ్డుకొని లాభం లేదని 2008 నాటికి స్పష్టమైంది. కనుక ఆ మందు మొదలుపెట్టే ముందు రాస్ పరీక్ష జరిగినదా అని మీ వైద్యుని అడగవచ్చును. ఖరీదైన మందు, నిష్ప్రయోజనమైన దుష్ఫలితాలు రెండూ తప్పుతాయి.

న్యూరోఫైబ్రోమటోసిస్‌లో పోయిన నీరటిని తిరిగి తెచ్చే మందు లేదు. అయితే తూముకు దిగువన కాలువకు అడ్డం వేయవచ్చు. రాస్ ఆజ్ఞను అందుకునే మెక్ అనే ప్రోటీనును నిరోధించే సెలుమెటినిబ్‌కు, శస్త్రచికిత్సకు లొంగని నరపు గడ్డలున్న పిల్లలలో వాడడానికి, 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఆమోదం లభించింది. చాలమంది పిల్లలలో గడ్డలు కొంత చిక్కుతాయి, పూర్తిగా పోవు.

మీ ఇంట బిడ్డకు అర సెంటీమీటరుకు మించిన కాఫీ రంగు మచ్చలు ఆరు గాని, అంతకు మించి గాని కనిపిస్తే పుట్టుమచ్చలని వదలక పిల్లల వైద్యునికి చూపించండి. ఈ వ్యాధి ఉన్నవారిలో సగం మందికి తల్లిదండ్రులలో ఎవరికీ ఉండదు, కనుక మా వంశంలో లేదు అన్న ధైర్యం చాలదు. వ్యాధి నిర్ధారణ అయిన పిల్లలకు ఏటా కంటి పరీక్ష, రక్తపు పీడనం కొలత, వెన్నెముక పరీక్ష చేయించాలి. పెద్దవారిలో ఉన్న గడ్డ ఉన్నట్టుండి వేగంగా పెరిగినా, గట్టిపడినా, రాత్రిళ్ళు నొప్పి పుట్టినా ఆలస్యం చేయకుండా శస్త్రవైద్యుని వద్దకు వెళ్ళాలి.